మేనరికం, మేనమామ పెళ్లి: లేవీయకాండం 18 అసలు ఏం నిషేధించింది?

అమ్మా, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ నాన్నగారు మీ అమ్మమ్మకు సొంత తమ్ముడు. అంటే మీ అమ్మానాన్నలది మేనమామ, మేనకోడలు పెళ్లి. ఇప్పుడు మీకు మేనత్త కొడుకును చూస్తున్నారు. సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టర్‌గారు బైబిల్ పాత నిబంధనలోని లేవీయకాండం 18వ అధ్యాయం తీసి, ఈ రెండు సంబంధాలూ దేవుడు వద్దన్నవేననీ, అందుకే మీ ఇంటి మీద శాపం ఉందనీ అన్నారు. అబ్రాహాము, యాకోబు మాటేమిటని మీరు అడిగితే "అది ధర్మశాస్త్రానికి ముందు" అని ఊరుకున్నారు.

నేను బైబిల్ కాలేజీలో చాలాకాలం పాత నిబంధన చెప్పినవాణ్ణి. ఏటా కొత్త బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడిగేవారు, అడిగినవాళ్లలో సగం మందివి మేనరికం ఇళ్లే. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. మేనత్త కొడుకు ఆ అధ్యాయంలో ఎక్కడా లేడు. మేనమామ కూడా పేరు పెట్టి లేడు, కానీ ఆయన సంగతి అంత తేలిగ్గా తెగదు. శాపం మాట మాత్రం పూర్తిగా తప్పు. మీ అమ్మగారికి ఆ మాట ముందు చెప్పండి, పాపం ఆవిడ ఎంత టెన్షన్ పడుతున్నారో.

ఇక అధ్యాయంలోకి వెళదాం. 6వ వచనం మొత్తానికి తలుపులాంటిది: రక్తసంబంధుల జోలికి వెళ్లవద్దు. 7 నుంచి 18 వరకు ఎవరెవరో చెప్పారు. తల్లి, తండ్రికి ఉన్న మరో భార్య, అక్కచెల్లెలు (తండ్రి ఒక్కడైనా, తల్లి ఒక్కతే అయినా, ఇంట్లో పుట్టినా బయట పుట్టినా), కొడుకు కూతురు, కూతురి కూతురు, మేనత్త, తల్లి తోడబుట్టిన పెద్దమ్మ లేదా పిన్ని, తండ్రి అన్నదమ్ముల భార్య, కోడలు, అన్నదమ్ముల భార్య. ఒక స్త్రీతో ఉంటూ ఆమె కూతురితోనో మనవరాలితోనో ఉండకూడదు. భార్య బతికుండగా ఆమె తోడబుట్టినదాన్ని తెచ్చుకోకూడదు. 19 నుంచి 23 దాకా ఉన్నవి వేరే విషయాలు, మీ ప్రశ్నకు సంబంధం లేదు కాబట్టి వాటిని ఇక్కడ ఎత్తను.

ఈ పట్టికను ఓ సారి ఇంటి ప్లాను గీసినట్టు ఊహించుకోండి. తాత, ఆయన భార్యలు, కొడుకులు, కోడళ్లు, పెళ్లికాని ఆడపిల్లలు, భర్త పోయి పుట్టింటికి చేరిన మేనత్త, అందరూ పక్కపక్క గుడారాల్లోనో, ఒకే పెద్ద లోగిలి చుట్టూనో ఉంటారు. ఆజ్ఞలన్నీ మగవాడికి చెప్పినవే. నీ చుట్టూ తిరిగే ఈ ఆడవాళ్లు నీకు అందుబాటులో ఉన్నా నీవాళ్లు కారు అని వాడికి గట్టిగా చెప్పడమే ఈ పట్టిక పని. అందుకే కోడలు, సవతి తల్లి, పినతండ్రి భార్య లాంటి రక్తసంబంధం లేనివాళ్లు కూడా ఇందులో ఉన్నారు. ఇది జన్యువుల పట్టిక కాదు. పుట్టబోయే పిల్లల ఆరోగ్యం కోసం దేవుడు ముందే చెప్పాడని కొందరు బోధకులు చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది గానీ కోడలి విషయంలో ఆ వాదన ఒక్క అడుగు కూడా నడవదు.

ఒక వింత చూడండి. సొంత కూతురి పేరు ఈ పట్టికలో లేదు! అంతకు ముందే రాసిన బాబిలోను రాజు హమ్మురాబి శాసనంలో 154వ నిబంధన కూతురితో తప్పు చేసిన తండ్రిని ఊరి నుంచి వెళ్లగొట్టమని నేరుగా చెప్పింది. మరి లేవీయకాండం ఎందుకు చెప్పలేదు? చెప్పకపోతే చేయవచ్చని ఏ యూదుడూ, ఏ క్రైస్తవుడూ ఎన్నడూ అనుకోలేదు. మనవరాలే కూడనప్పుడు కూతురు ఎలా కూడుతుందని రబ్బీలు (యూదుల ధర్మశాస్త్ర పండితులు) వాదించారు. తల్లినీ కూతుర్నీ కలిపి వద్దన్న 17వ వచనంలోనే కూతురు ఇమిడి ఉందని మరికొందరు అన్నారు. 21వ అధ్యాయం 2వ వచనంలో యాజకుడికి అతి దగ్గరి రక్తసంబంధులెవరో చెబుతూ కూతుర్ని లెక్కపెట్టారు కూడా. దీన్ని గుర్తుపెట్టుకోండి. పట్టికలో పేరు లేకపోవడం దానంతట అది అనుమతి కాదు. మేనమామ దగ్గరికి వచ్చినప్పుడు ఇది అవసరమవుతుంది.

మీ సంబంధం సంగతి ముందు తేల్చేద్దాం. అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు, అన్నాచెల్లెళ్ల పిల్లలు, వీళ్లలో ఎవరి మధ్యా పెళ్లిని లేవీయకాండం నిషేధించలేదు. ఇస్సాకు చేసుకున్న రిబ్కా ఆయన తండ్రి తోడబుట్టిన నాహోరుకు మనవరాలు. యాకోబు చేసుకున్న లేయా, రాహేలు ఆయన మేనమామ లాబాను కూతుళ్లు. తెలుగింటి మేనరికం అంటే అచ్చంగా ఇదే. ఇవి ధర్మశాస్త్రానికి ముందు జరిగినవే, పాస్టర్‌గారి మాట అంతవరకు నిజం. కానీ సంఖ్యాకాండం 36 తెరవండి. అది ధర్మశాస్త్రం ఇచ్చిన తర్వాతి సంగతి. కొడుకులు లేని సెలోపెహాదు ఆస్తి వేరే గోత్రానికి పోకుండా ఆయన అయిదుగురు కూతుళ్లు తమ తండ్రి అన్నదమ్ముల కొడుకులను పెళ్లి చేసుకున్నారు. మోషే కళ్లెదుట, ఆయన ద్వారా వచ్చిన ఆజ్ఞను పాటించే. పెదనాన్న, బాబాయి కొడుకులంటే మనకు అన్నలూ తమ్ముళ్లూ. ఆ మాట ఎత్తితేనే మన అమ్మమ్మలు చెవులు మూసుకుంటారు. కాబట్టి ఈ ఒక్క చోట తెలుగు వరసే మోషే ధర్మశాస్త్రం కన్నా కఠినం.

అయితే యాకోబు పేరు ఎత్తేటప్పుడు కాస్త జాగ్రత్త. ఆయన మేనరికం చేసుకున్నందుకు ఎవరూ తప్పు పట్టలేదు గానీ, అక్కాచెల్లెళ్లిద్దరినీ ఒకేసారి ఏలుకోవడం 18వ వచనం సూటిగా వద్దన్న పని. ఆ ఇంట్లో పుత్రదాత వృక్షపు పండ్ల కోసం కూడా అక్కాచెల్లెళ్లు బేరమాడుకున్న తీరు ఆదికాండం 30లో చదివితే ఆ నిషేధం ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. అబ్రాహాము సంగతీ అంతే. శారా తన తండ్రి కూతురేననీ, తల్లి మాత్రం వేరనీ ఆయనే ఆదికాండం 20లో ఒప్పుకున్నాడు. 9వ వచనం ప్రకారం అది నిషిద్ధం. ఇక నిర్గమకాండం 6వ అధ్యాయం 20వ వచనం ఉంది, మీ పాస్టర్‌గారికి మర్యాదగానే చూపించండి. అమ్రాము తన మేనత్త యోకెబెదును పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు పుట్టినవాళ్లు అహరోను, మోషే. లేవీయకాండం 18:12 మేనత్తను వద్దంటుంది. ఆ ఆజ్ఞను ఇశ్రాయేలుకు చేరవేసిన మనిషి అలాంటి పెళ్లికే పుట్టినవాడు, పక్కన నిలబడ్డ ప్రధాన యాజకుడు కూడా అంతే. రాసినవాళ్లు దీన్ని దాచిపెట్టాలనుకుంటే వంశావళిలో ఒక్క మాట తీసేస్తే సరిపోయేది. తీయలేదు. పుట్టుకను బట్టి పిల్లల మీద శాపం మోపే బోధకులు ఈ వచనానికి ఏం జవాబు చెబుతారో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మేనమామ. పట్టిక మగవాడికి చెప్పింది కాబట్టి "నీ మేనత్తను, నీ పిన్నిని వద్దు" అంది. "నీ మేనకోడలు వద్దు" అనలేదు. ఇక్కడ యూదులే రెండుగా చీలిపోయారు. రబ్బీల సంప్రదాయం ఇలాంటి పెళ్లిని ఒప్పుకుంది, అక్కచెల్లెలి కూతుర్ని చేసుకున్నవాణ్ణి మెచ్చుకున్న మాట వాళ్ల వ్యాఖ్యాన గ్రంథం తల్ముదులో ఉంది. మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో ప్రతులు దొరికిన దమస్కు పత్రం (అక్కడి యూదు వర్గం నియమాల పుస్తకం) మాత్రం దీన్ని తీవ్రంగా ఖండించింది. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది: తల్లి తోడబుట్టినదాన్ని వద్దని మోషే అన్నాడు, ఆజ్ఞ మగవాళ్ల పేరిట రాసినా ఆడవాళ్లకూ అంతే వర్తిస్తుంది, కాబట్టి అక్క కొడుకుకు పిన్ని ఎంత దూరమో మేనకోడలికి మేనమామా అంతే దూరం. అద్దంలో చూసినట్టు వరస తిప్పి చదవడమన్నమాట. నన్నడిగితే తర్కంలో కుమ్రాను వాళ్లదే పైచేయి. కానీ అది వచనం నుంచి తీసిన అర్థమే గానీ వచనంలో ఉన్న మాట కాదు. ఆ తేడా చెప్పకుండా "బైబిల్లో రాసి ఉంది" అనడం న్యాయం కాదు.

కొత్త నిబంధనలో దీనికి సంబంధించిన సంగతి ఒకటుంది, చాలామంది గమనించరు. గలిలయను ఏలిన హేరోదు అంతిప తన సోదరుడి భార్య హేరోదియను తెచ్చుకున్నాడు. బాప్తిస్మమిచ్చు యోహాను అది న్యాయం కాదన్నందుకు చెరసాలలో పడి తల పోగొట్టుకున్నాడు. ఆ హేరోదియ ఎవరు? మహా హేరోదు కొడుకు అరిస్తొబూలు కూతురు. అంటే అంతిపకు అన్న కూతురు! మొదటి భర్తకూ అంతే, అతనూ మహా హేరోదు కొడుకే. యోహాను తప్పుపట్టింది సోదరుడి భార్య అన్నదాన్ని, అంటే లేవీయకాండం 18:16నూ 20:21నూ. సోదరుడు బతికే ఉన్నాడు కాబట్టి ద్వితీయోపదేశకాండం 25లోని మరిది ధర్మం (పిల్లలు లేకుండా పోయిన అన్నదమ్ముడి భార్యను చేసుకోవడం) కూడా ఇక్కడ వర్తించదు. ఆమె అన్న కూతురన్న సంగతి సువార్తల్లో ఎక్కడా రాలేదు. దీన్నిబట్టి యోహాను ఒప్పుకున్నాడని నేను అనను. కానీ ఆ రోజుల్లో జనం నోట ఏది పెద్ద తప్పుగా నానిందో తెలుస్తుంది.

మరి క్రైస్తవ సంఘాలకు మేనమామ పెళ్లి మీద ఇంత అభ్యంతరం ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు రోము నుంచి. రోమన్ చట్టం అక్క కూతుర్నీ, అన్న కూతుర్నీ ముందునుంచీ ఒప్పుకోలేదు. క్రీ.శ. 49లో క్లౌదియ చక్రవర్తి అన్న కూతురు అగ్రిప్పినను చేసుకోవడం కోసం సెనేటు చేత చట్టం మార్పించాడు. అన్న కూతురికి అనుమతి వచ్చింది, అక్క కూతురికి రాలేదు. మన దగ్గర అక్క కూతురు వరస, అన్న కూతురు సొంత కూతురితో సమానం. సరిగ్గా తలకిందులు! 4వ శతాబ్దంలో క్రైస్తవ చక్రవర్తులు ఆ అనుమతినీ తీసేశారు. తర్వాత సంఘం నిషేధాన్ని ఇంకా ఇంకా దూరపు చుట్టాల దాకా పెంచుకుంటూ పోయింది. చుట్టరికంలో ఏడో మెట్టు దాకా పోయాక అది పాటించడం ఎవరి వల్లా కాక 1215లో నాలుగో లాతెరాను మహాసభ నాలుగుకు తగ్గించింది. ఇంగ్లండులో 1563లో ఆర్చిబిషప్ పార్కర్ ఒక పట్టిక వేశాడు, అదే ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకాల్లో అచ్చయింది. అందులో అక్క కూతురు, అన్న కూతురు ఉన్నారు. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు లేరు. మచిలీపట్నం, గుంటూరు, నెల్లూరు, ఒంగోలు వైపు వచ్చిన మిషనరీలు ఇలాంటి నియమాలు చదువుకునే వచ్చారు. వచ్చి చూస్తే ఇక్కడ ఇంటింటా మేనమామ పెళ్లే. ఆ ఇబ్బంది ఇప్పటికీ సంఘాల్లో నలుగుతూనే ఉంది.

శాపం, శిక్షల మాట కూడా చూద్దాం. లేవీయకాండం 20లో శిక్షలన్నీ ఒకే రకంగా లేవు. సవతి తల్లి, కోడలు అయితే మరణం. తల్లినీ కూతుర్నీ ఉంచుకుంటే అగ్నితో కాల్చడం. అక్కచెల్లెలైతే జనం ముందు కొట్టివేయబడడం, అంటే జనంలో లేకుండా పోవడం. మేనత్త, పిన్ని అయితే తమ దోషం తామే భరించడం. పినతండ్రి భార్య, అన్నదమ్ముల భార్య అయితే సంతానం లేకుండా పోవడం. ద్వితీయోపదేశకాండం 27లో లేవీయులు బిగ్గరగా పలికే శాపాల్లో చుట్టరికానికి సంబంధించినవి మూడే: తండ్రి భార్య, అక్కచెల్లెలు, అత్త (భార్య తల్లి). మేనకోడలు శిక్షల్లోనూ లేదు, శాపాల్లోనూ లేదు. మేనత్త కొడుకు సరే సరి.

ఇంకో సంగతి. ఈ చట్టాల కింద ఎవరికైనా మరణశిక్ష అమలు చేసిన సంఘటన బైబిల్లో ఒక్కటీ కనబడదు. ఉల్లంఘనలు మాత్రం బోలెడు. రూబేను తండ్రి ఉపపత్ని బిల్హాతో శయనించి జ్యేష్ఠత్వం పోగొట్టుకున్నాడు. దావీదు కొడుకు అబ్షాలోము తన సలహాదారు అహీతోపెలు మాట విని మేడ మీద గుడారం వేయించి, ఇశ్రాయేలీయులందరికీ తెలిసేలా తండ్రి ఉపపత్నుల దగ్గరికి పోయాడు. సింహాసనం నాదే అని చాటుకోవడమే అక్కడ ఉద్దేశం. దావీదు తిరిగి వచ్చాక ఆ పదిమంది ఆడవాళ్లను కావలిలో పెట్టాడు, బతికినంతకాలం వితంతువుల్లా ఉండిపోయారు. తప్పు ఎవరిది, శిక్ష ఎవరికి?

వీటన్నిటిలోకీ 2 సమూయేలు 13 చదవకుండా ఈ చట్టాల గురించి ఎవరూ మాట్లాడకూడదని నా అభిప్రాయం. దావీదు కొడుకు అమ్నోను జబ్బు నటించాడు, తల్లి వేరైన చెల్లెలు తామారు వచ్చి తన కళ్లముందే అప్పాలు చేయాలన్నాడు. దావీదే ఆమెను పంపాడు. ఆమె పిండి పిసికి, అతని ఎదుటే కాల్చి వడ్డించింది. అతను అందర్నీ బయటికి పంపి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె వద్దంది, బతిమాలింది, నా అవమానం నేనెక్కడ దాచుకోను అంది, రాజుతో మాట్లాడు అని కూడా అంది. వినలేదు. ఆ తర్వాత అతనికి ఆమె మీద పుట్టిన ద్వేషం అంతకు ముందున్న మోజును మించిపోయిందట. పనివాణ్ణి పిలిచి దీన్ని బయటికి నెట్టి తలుపు గడియ వెయ్యి అన్నాడు. ఆమె రంగురంగుల చొక్కా చింపుకుని, తల మీద బూడిద పోసుకుని ఏడుస్తూ పోయింది. సొంత అన్న అబ్షాలోము ఏమన్నాడు? అతడు నీ అన్నే గదా, ఊరుకో అన్నాడు. దావీదుకు కోపం వచ్చింది, కానీ ఏమీ చేయలేదు. రెండేళ్ల తర్వాత గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగలో అబ్షాలోము అమ్నోనును చంపించాడు, రాజ్యం అంతర్యుద్ధం దాకా పోయింది. తామారు మాత్రం అన్న ఇంట్లో దిక్కులేనిదిగా ఉండిపోయింది.

లేవీయకాండం 18 కాపాడాలని చూసింది ఆ పిల్లను. మన సంఘాల్లో మేనరికం మీద గంటసేపు ప్రసంగం చేసేవాళ్లు ఈ అధ్యాయం ఎత్తుకోగా నేను విన్నది తక్కువ. పోక్సో చట్టం 2012లో వచ్చింది. మైనరు మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు, ఇంట్లోవాళ్లయినా పాస్టరయినా, పోలీసులకు చెప్పి తీరాలి. "ఊరుకో" అన్న అబ్షాలోము మాటకు ఇప్పుడు శిక్ష ఉంది.

పౌలు మాట ఒకటి చెప్పి ముందుకు పోదాం. కొరింథులో ఒకడు తండ్రి భార్యను ఉంచుకున్నాడు. పౌలు రాళ్లతో కొట్టమనలేదు, సంఘం నుంచి వెలివేయమన్నాడు. ఆయన కోపం ఆ మనిషి మీద ఎంతో, అది తెలిసీ ఉప్పొంగుతున్న సంఘం మీద అంతకు తక్కువేం కాదు.

మీరు ఇప్పుడేం చేయాలన్నది చెబుతాను. మీరు కతోలిక సంఘమైతే నియమం రాసి ఉంది. 1983 నాటి కానన్ చట్టంలో 1091వ నియమం పక్క వరసలో (నేరుగా తల్లిదండ్రులు, పిల్లలు కాని రక్తసంబంధుల్లో) నాలుగో డిగ్రీ, అంటే చుట్టరికపు నాలుగో మెట్టు దాకా పెళ్లి చెల్లదంటుంది. మేనత్త కొడుకు నాలుగో డిగ్రీ, మేనమామ మూడో డిగ్రీ. రెండింటికీ బిషప్‌గారి డిస్పెన్సేషన్ (ప్రత్యేక మినహాయింపు) కావాలి. మొదటిదానికంటే రెండోదానికి చాలా బలమైన కారణం చూపాలి. అన్నాచెల్లెళ్లకూ, తల్లీకొడుకులకూ, తండ్రీకూతుళ్లకూ మాత్రం ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేరు. చూశారా, సంఘమే మేనమామ పెళ్లిని ఆ గాటన కట్టలేదు. మీది వేరే సంఘమైతే మీ డయాసిస్ లేదా సినడు నియమావళిలో ఏముందో అడగండి, వివాహ ప్రకటన చదివించే ముందే అడగండి. స్వతంత్ర సంఘమైతే పాస్టర్‌గారి మాటే నియమం. ఆయన చేయనంటే అది ఆయన మనస్సాక్షి, గౌరవించండి, కానీ లేవీయకాండం పేరు మీద కాదు.

ప్రభుత్వ చట్టం సంగతి కొంచెం తికమక. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టంలో కూడని సంబంధాల పట్టిక లేదు. పెళ్లి చేసుకునేవాళ్ల పర్సనల్ లా వద్దన్న పెళ్లిని ఈ చట్టం చెల్లుబాటు చేయదని మాత్రం 88వ సెక్షన్‌లో ఉంది. అంటే మళ్లీ సంఘం నియమం దగ్గరికే వస్తాం. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో మేనమామ, మేనత్త కొడుకు ఇద్దరూ నిషిద్ధ పట్టికలో ఉన్నారు. ఆచారం ఉంటే మినహాయింపు ఉంది గానీ ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో గుర్తించి ఉండాలి. ఆ దారిలో వెళ్లాలనుకుంటే ముందు లాయరును కలవండి.

చివరిగా, మీరు అడగని విషయం ఒకటి. మీ అత్తగారు కాబోయే మేనత్త మీ నాన్నగారికి తోడబుట్టింది. అంటే మీ అమ్మమ్మకు కూడా తోడబుట్టిందే. అబ్బాయి మీకు నాన్న వైపు నుంచి మేనత్త కొడుకు, అమ్మ వైపు నుంచి చూస్తే అమ్మకు పిన్ని కొడుకో పెద్దమ్మ కొడుకో, అంటే మీకు మేనమామ వరస. వరసకు రెండు వైపులా ఇబ్బంది లేదు. రక్తానికి మాత్రం ఉంది. మామూలు మేనరికంలో ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చే జన్యువులు సగటున ఎనిమిదో వంతు, మేనమామ, మేనకోడళ్లలో నాలుగో వంతు. మీ ఇద్దరి లెక్క కడితే పదహారింట మూడు వంతులు వస్తుంది, అంటే మామూలు మేనరికానికి ఒకటిన్నర రెట్లు. ఇది పాపమూ కాదు, శాపమూ కాదు, కానీ తెలిసి నిర్ణయించుకోవాల్సిన విషయం. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. రెండు వైపులా చిన్నప్పుడే పోయిన పిల్లలు, వినపడనివాళ్లు, రక్తం జబ్బులున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అమ్మమ్మను కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మీరూ అబ్బాయీ కలిసి వెళ్లండి. ఏ పరీక్షలు కావాలో వాళ్లు చెబుతారు. అది అయ్యాకే పాస్టర్‌గారి దగ్గరికి వెళ్లి ముహూర్తం మాట్లాడుకోండి.